చిన్నపిల్లలతో శిల్పారామం వెళ్తున్నాం, బొమ్మల్ని వాళ్లకి ఎలా చూపించాలి?

పాలపిట్ట_కొంపల్లి
అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని మాదాపూర్ శిల్పారామం పోదామనుకుంటున్నాం. పెద్దోడికి ఆరేళ్లు, చిన్నదానికి మూడు నిండబోతున్నాయి, మా అత్తమ్మ కూడా వస్తున్నారు. ప్రతి ఆదివారం మాల్, ప్లే ఏరియా, పిజ్జా ఇదే అయిపోతోంది, ఈసారి చెట్ల కింద తిరుగుదాం అని మా ఆయనే అన్నారు.

బోటింగ్, షాపింగ్ గురించి కాదు నేను అడిగేది. లోపల పల్లెటూరి మ్యూజియం ఉంది కదా, మట్టి ఇళ్లు, తాటాకు కప్పులు, కుమ్మరి, నేతపని చేసేవాళ్లు, మనిషంత ఎత్తు బొమ్మలు, అది పిల్లలకి బాగా చూపించాలని ఉంది. మా వాళ్లలో ఎవర్ని అడిగినా అక్కడ నాలుగు ఫొటోలు దిగి వచ్చేశాం అనే చెప్తున్నారు. మూడేళ్ల పిల్ల కదలని బొమ్మ ముందు ఎంతసేపు నిలబడుతుంది? ఏం చెప్పాలి వాళ్లకి? ముట్టుకుంటామంటే ముట్టుకోనివ్వాలా? అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు, అది కూడా చూసుకోవాలి. వెళ్లొచ్చినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఎల్బీనగర్_అన్న
అక్కా మధ్యాహ్నం అస్సలు పోకు. పదిన్నరకు గేట్లు తెరుస్తరు, ఆ టైంకు పోయినా గంటలో ఎండ నెత్తి మీదికొస్తది, పిల్లలు గులుగుడు మొదలువెడ్తరు. మూడున్నర నాలుగింటికి పో, మంచిగ చల్లవడ్తది, చీకటి పడెదాంక టైం ఉంటది. ఇంకోటి, కారు తీస్కపోతే పార్కింగ్ కోసం తిరుగుడే సరిపోతది ఆదివారం. మేము మెట్రోల పోతం, అమీర్‌పేట్‌ల లైను మారి హైటెక్ సిటీ స్టేషన్‌ల దిగితే దగ్గర్నే. మీకు కొంపల్లి నుంచి మెట్రో లేదు గని ప్యారడైజ్ దాంక బస్సుల వచ్చి ఆడ మెట్రో ఎక్కుడు బెటర్. పిల్లలకు మెట్రో ఎక్కుడే సగం పండుగ.

అత్తమ్మ కోసమైతే ఒక్కటే చెప్త, మొత్తం చూడాలె అని పెట్టుకోకు. 65 ఎకరాలుంటది అది. ముందుగాల ఊరి బొమ్మల కాడికి పో, తర్వాత ఓపికుంటే మిగితాది.

కూకట్‌పల్లి_కోడలు
నాలుగింటికి వెళ్లడం మంచిదే కానీ ఒక మాట. సాయంత్రం లోపలికెళ్లగానే చేతిపనుల కొట్లు కనపడతాయి, ఒక్కసారి వాటిల్లోకి దూరితే గాజులు, దుప్పట్లు, టెర్రకోట కుండీలు అని గంట పోతుంది, ఇంక బొమ్మలు చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కొట్లు వచ్చేటప్పుడు చూడండి. చిన్న పాపకి ముందే తినిపించి తీసుకెళ్లండి, ఆకలి మీద ఉన్న పిల్లకి ఏ బొమ్మా ఎక్కదు. స్ట్రోలర్ ఉంటే కూడా ఆ ఇళ్ల మధ్య అన్నిచోట్లా సాఫీగా నడవదు, చంకనేసుకునేదే మేలు.

చందానగర్_ఎస్
నా అభిప్రాయం వేరే అండి, ఏమీ అనుకోకండి. పిల్లలకి శిల్పం చూపించాలంటే శిల్పారామం కాదు వెళ్లాల్సింది. అవి పార్కులో పెట్టిన బొమ్మలు. నిజమైన శిల్పం చూపించాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ ఆర్కియాలజీ మ్యూజియం ఉంది, లోపలే కాదు బయట కూడా పాత రాతి శిల్పాలు ఉంటాయి, చాళుక్యులు కాకతీయుల కాలం నాటివి. వెయ్యేళ్ల కిందట ఒకాయన ఉలి పట్టుకుని చెక్కింది మన పిల్లలు చూడాలి. ఆరేళ్ల వయసులో ఏది మంచిదో చూస్తే అదే కళ్లకి అలవాటవుతుంది. నేను చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్లేవారు, అక్కడి నల్లరాతి నగిషీ ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. నిజాం కాలంలో తెప్పించిన ఈజిప్టు మమ్మీ కూడా ఆ మ్యూజియంలోనే ఉంది, దాని కోసమైనా మీ పెద్దోడు ఉత్సాహంగా వస్తాడు.

నాగోల్_బామ్మ
అమ్మా పాలపిట్టా, నేను రాసేది కొంచెం పెద్దగా ఉంటుంది ఓపిగ్గా చదువు. మా మనవరాళ్లని తీసుకుని నేను అక్కడికి పోతూనే ఉంటాను. మా అబ్బాయి కోడలు ముందర పోతుంటారు ఫోన్లు పట్టుకుని, నేను పిల్లలు వెనక. అక్కడ రాసిపెట్టిన బోర్డు చదివి పిల్లలకి చెప్తే ఒక్క ముక్క వినరు. కుమ్మరి కుండలు చేయును అని చదివితే వాళ్లకేం తెలుస్తుంది చెప్పు. మీ అత్తగారు పల్లెటూళ్లో పుట్టి పెరిగిన మనిషైతే ఆవిడ్నే ముందు పెట్టు. ఆవిడకి ఆ ఇసుర్రాయి తెలుసు, చాట తెలుసు, రోట్లో పోటు ఎలా వేస్తారో తెలుసు, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో రోకళ్లు తగలకుండా ఎలా దంచుతారో తెలుసు. బొమ్మ చేతిలో ఉన్నది ఏంటో ఆవిడ చెప్తే అది వేరు.

నేను చేసేది ఏంటంటే, చాట పట్టుకున్న ఆడమనిషి బొమ్మ కనపడిందనుకో, పిల్లల చేతులు పట్టుకుని గాల్లోనే చెరిగిస్తాను. ఇటు విసిరితే పొట్టు పోతుంది, ఇటు తడితే గింజ వెనక్కొస్తుంది అని. వాళ్లు పడీపడీ నవ్వుతూ చేస్తారు. ఆ తర్వాత ఇంకోసారి ఆ బొమ్మ చేతుల వంక చూస్తారు చూడు, అప్పుడు నిజంగా చూస్తారు. మణికట్టు ఎటు తిరిగిందో కూడా కనిపెడతారు.

అన్నీ చూపించకు తల్లీ. మూడు నాలుగు చాలు.

మట్టిచేతులు
చందానగర్ గారూ, మీరు చెప్పిన మ్యూజియం అంటే నాకూ ప్రాణం, అందులో వాదన లేదు. కానీ బొమ్మలు అని తీసేయడం దగ్గర ఆగాల్సి వస్తోంది, ఎందుకంటే నేను చేసేది ఆ పనే. ఫైన్ ఆర్ట్స్‌లో శిల్పం చదువుకుని ఇప్పుడు పార్కులకి, గుళ్లకి, స్కూళ్లకి విగ్రహాలు చేస్తాను.

మనిషంత బొమ్మ ఒకటి సిమెంటులో చేయాలంటే ముందు ఇనుప చువ్వలు వంచి అస్థిపంజరం కట్టాలి, ఆర్మేచర్ అంటాం. దాని మీద మెష్ చుట్టి, సిమెంటు ఇసుక కలిపి పొరలు పొరలుగా ఎక్కించుకుంటూ రావాలి. కూర్చున్న మనిషి బరువు ఏ కాలి మీద పడుతుంది, వంగినప్పుడు వెన్ను ఎక్కడ వంపు తిరుగుతుంది, ఇదంతా చువ్వ వంచేటప్పుడే తేలిపోవాలి, పైన ఎంత సిమెంటు పూసినా లోపల తప్పుంటే కవర్ అవ్వదు. తర్వాత తడి గోనెసంచులు కప్పి రోజుల తరబడి తడుపుతూ ఉండాలి లేకపోతే పగుళ్లు. ఫైబర్‌లో అయితే ముందు బంకమట్టితో బొమ్మ చేసి దాని మీద పీవోపీతో మోల్డ్ తీసి అందులో పోత పోయాలి. దేవుడి విగ్రహానికైతే కొలతలు శాస్త్రంలో ఉన్నాయి, తాళమానం ప్రకారం పోతాం. బుట్ట అల్లే ముసలావిడకి ఏ కొలత ఉంది? పోయి ఆవిడ పక్కన కూర్చుని చూడాల్సిందే. నా వరకు కష్టమైన పని అదే.

పాలపిట్ట గారూ మీ ప్రశ్నకి వస్తాను. మీరు కింద కూర్చోండి, మీ పాప కళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో అంత ఎత్తుకి. అక్కడ్నుంచి ఆ బొమ్మ వేరేలా కనపడుతుంది. మనం మొహాలు చూస్తాం, పిల్లలకి ఎదురుగా కనపడేవి మోకాళ్లు, మడమలు, కింద పెట్టిన పనిముట్లు. వాళ్లు ఏది చూస్తున్నారో అక్కడ్నుంచి మాట మొదలెట్టండి. రెండోది, చోటుంటే బొమ్మ వెనక్కి తీసుకెళ్లండి. అందరూ ముందర నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. కొప్పు ఎలా ముడేశారు, పంచె వెనక ఎలా దోపారు, చేసినవాడు ఎంత మనసు పెట్టాడో వెనకవైపే తెలుస్తుంది.

బోడుప్పల్_నాన్న
వెనకవైపు చూడమన్నది సూపర్ పాయింట్ సర్, ఎప్పుడూ ఆలోచించలేదు.

నాదొక డౌట్. మావాడు ఐదేళ్లోడు, ఎక్కడ బొమ్మ కనపడ్డా ఎక్కేస్తాడు. ఎద్దు బొమ్మ ఉంటే ఎక్కి కూర్చోవాలి, అదే వాడికి ఆనందం. నేను పెద్దగా ఆపను, పసిపిల్లలు, బయట పెట్టిన సిమెంటు బొమ్మలే కదా, గాజు పెట్టెలో పెట్టినవి కావు. మొన్నొకచోట ఒకాయన మా వాడి మీద గట్టిగా అరిచారు, పిల్లాడు ఏడ్చేశాడు, ఆ రోజంతా పాడైంది. ఎక్కనివ్వనప్పుడు అంత అందుబాటులో ఎందుకు పెడతారు అసలు?

మట్టిచేతులు
అరవడం తప్పే అన్నా, పసోడి మీద అరిస్తే వాడు జన్మలో మళ్లీ బొమ్మ దగ్గరికి రాడు. కానీ ఎక్కనివ్వకండి దయచేసి. ఎందుకో చెప్తా, మీ వాడికి కూడా ఇదే చెప్పండి వాడికి అర్థమవుతుంది.

బొమ్మ వేలు, ముక్కు, చెవి, ఎద్దు కొమ్ము, ఇవన్నీ సన్నటి చువ్వ మీద నిలబడినవి. పిల్లాడు కొమ్ము పట్టుకుని వేలాడాడనుకోండి, విరగదు, సన్నగా వెంట్రుకంత పగులు వస్తుంది, ఎవరికీ కనపడదు. వర్షాకాలంలో అందులోకి నీళ్లు దిగుతాయి, లోపలి చువ్వకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న సిమెంటుని లోపల్నుంచి నెడుతుంది, ఏడాదికో రెండేళ్లకో కొమ్ము ముక్క ఊడి కింద పడుతుంది. అప్పుడు ఎవరికీ తెలీదు ఎందుకు ఊడిందో. వేళ్లు లేని బొమ్మలు మన ఊరి పార్కుల్లో ఎన్ని ఉన్నాయో చూడండి. రిపేరుకి నన్ను పిలుస్తారు, పాత రంగు గీకి చూస్తే లోపల ఎర్రగా తుప్పు. తుప్పు పట్టిన చువ్వకి సిమెంటు పట్టదు, మళ్లీ కొత్త చువ్వ కట్టాలి, ఎంత చేసినా మొదటి చెయ్యి రాదు.

ముట్టుకోవడం వేరు, అది పార్కువాళ్లు ఒప్పుకుంటే నాకైతే సంతోషం. బయట పెట్టే సిమెంటు బొమ్మకి చేత్తో నిమిరితే ఏం కాదు. పాత రాతి శిల్పానికి మాత్రం వద్దు, చేతుల జిడ్డు రాయిలోకి ఇంకి నల్లబడుతుంది, మ్యూజియంలో ముట్టవద్దు అనేది అందుకే.

బోడుప్పల్_నాన్న
ఇంత కథ ఉందని తెలీదు సర్. తుప్పు సంగతి మావాడికి ఈ రాత్రే చెప్తా, వాడికి ఇట్లాంటివి బాగా ఇష్టం.

సైనిక్‌పురి_అమ్మ
ముట్టుకోవడం గురించి నేనొకటి రాయాలి. మా పాపకి పుట్టుకతోనే చూపు చాలా తక్కువ. వెలుగు, పెద్ద ఆకారాలు తెలుస్తాయి అంతే. మ్యూజియం అంటే తనకి చల్లటి గది, నా గొంతు, అంతకుమించి ఏమీ ఉండదు. శిల్పారామంలో ఒకసారి అక్కడ డ్యూటీలో ఉన్న పెద్దాయనకి విషయం చెప్పి అడిగాం, పాప చేత్తో తడిమి చూడొచ్చా అని. ఆయన వెంటనే సరే తల్లీ అని దగ్గరుండి, చెయ్యి ఎక్కడ వేయాలో తనే చూపించారు. పాప బొమ్మ మోచేతి నుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి వచ్చి వేళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది, తర్వాత వేళ్ల మధ్య ఉన్న కుండ అంచు దొరికింది. అమ్మా ఇది గుండ్రంగా ఉంది, లోపల ఖాళీగా ఉంది, ఈయన దీన్ని పట్టుకున్నాడు అంది. కుమ్మరి పని నేను ఇంట్లో ఎన్నోసార్లు మాటల్లో చెప్పాను. అప్పటిదాకా తనకి అది మాటే.

ఇది ఎక్కే పిల్లలకి లైసెన్సు ఇవ్వడానికి రాయట్లేదు, మట్టిచేతులు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముందు అడగండి, మెల్లగా ఎలా తాకాలో ఇంట్లోనే నేర్పండి. గట్టిగా పట్టుకోవడానికి, తాకడానికి తేడా మూడేళ్ల పిల్లకి కూడా నేర్పొచ్చు.

నాగోల్_బామ్మ
బంగారుతల్లి. చదువుతుంటే కళ్లనీళ్లు తిరిగాయమ్మా. పాపకి నా ఆశీస్సులు.

రాళ్లగుట్ట
ఎవరూ ఇంకా రాళ్ల ఊసు ఎత్తలేదేంటి? శిల్పారామంలో బొమ్మలే కాదు, రాక్ హెరిటేజ్ పార్క్ అని సహజంగా ఏర్పడ్డ రాళ్లని కాపాడి ఉంచిన భాగం ఉంది. నాకు అదే అసలైన శిల్పాల తోట. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందే ఈ రాయి ఉంది అని చెప్పండి మీ ఆరేళ్లోడికి, వాడి మొహం చూడండి. భూమి లోపల గట్టిపడిన రాయి పైకి తేలాక, పగుళ్ల వెంట నీళ్లు దిగి, ఎండకి వానకి మూలలు అరిగి అరిగి గుండ్రాళ్లుగా మిగిలాయి. ఉల్లిపాయ పొరల్లాగా పైపొర ఊడొస్తూ ఉంటుంది, దగ్గరికెళ్లి చూస్తే ఆ పొర అంచు కనపడుతుంది కూడా. ఒకదాని మీద ఒకటి ఎవరో ఎత్తి పెట్టినట్టు నిలబడిన రాళ్లు ఎవరూ పెట్టినవి కావు, చుట్టూ ఉన్నదంతా కొట్టుకుపోతే అవి మిగిలాయి.

ఒకప్పుడు మాదాపూర్, గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ అంతా ఇవే. నా కళ్లముందే ఎన్ని గుట్టలు పేల్చి అపార్ట్‌మెంట్లు కట్టారో. సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్ అని ఇప్పటికీ ఉంది. పిల్లలకి ఈ రాళ్లు ఇష్టం కలగాలి, రేపు పెద్దయ్యాక ఇంకో గుట్ట పేలుస్తామంటే వద్దు అనేవాళ్లు కావాలి కదా మనకి.

ఆరేళ్లోడికి ఒక పని పెట్టండి, ఈ రాయిలో నీకు ఏ జంతువు కనపడుతోంది అని. వాడికి కనపడింది మనకి కనపడదు. ఎండాకాలం మాత్రం మధ్యాహ్నం రాయి మీద చెయ్యి వెయ్యనివ్వకండి, కాలిపోతుంది.

కూకట్‌పల్లి_కోడలు
ఈ జంతువు ఆట మేం కారులోంచి గుట్టలు చూస్తూ ఆడతాం, నిజంగా మంచి ఆట. ఇంకోటి మా పిల్లలు చేసేది స్టాచ్యూ ఆట. బొమ్మ ఎలా ఉందో అలాగే నిలబడాలి, కదిలితే ఔట్. డప్పు కొట్టేవాళ్లో డాన్స్ చేసేవాళ్లో ఉంటే ఒంటికాలి మీద నిలబడలేక పడిపోతారు, అప్పుడు అర్థమవుతుంది ఆ భంగిమ ఎంత కష్టమో.

చందానగర్_ఎస్
మట్టిచేతులు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బుట్ట అల్లే ముసలావిడకి కొలత లేదన్న మాట నాకు కొత్త. పాత రాతి శిల్పం గొప్పదన్న నా మాట మారదు, కానీ దాన్ని చెప్పడానికి ఇంకోదాన్ని తగ్గించక్కర్లేదు. పిల్లలకి రెండూ చూపించవచ్చు. ముందు శిల్పారామంలో మనిషి బొమ్మ ఎలా ఉంటుందో చూసి, తర్వాత మ్యూజియంకి వస్తే వీరగల్లు, అంటే యుద్ధంలో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి, దాని ముందు నిలబెట్టి కథ చెప్పడం తేలిక. చాలా వీరగల్లుల్లో కింది అరలో వీరుడు యుద్ధం చేస్తుంటాడు, మధ్య అరలో అప్సరసలు ఆయన్ని పైకి తీసుకెళ్తుంటారు, పై అరలో శివలింగం దగ్గర కూర్చుని ఉంటాడు. కింద నుంచి పైకి చదవాలి. పిల్లలు కామిక్స్ చదివినట్టు చదివేస్తారు.

పాలపిట్ట_కొంపల్లి
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. ఆదివారం వెళ్లొచ్చి రాస్తాను.

పాలపిట్ట_కొంపల్లి
వెళ్లొచ్చాం. పిల్లలు పడుకున్నారు, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ఎల్బీనగర్ అన్న చెప్పినట్టే ప్యారడైజ్ దాకా బస్సు, అక్కడ్నుంచి మెట్రో, లోపలికి వెళ్లేసరికి నాలుగైంది. కొట్ల వైపు తల తిప్పకుండా తిన్నగా ఊరి బొమ్మల దగ్గరికి వెళ్లిపోయాం.

మొదట్లోనే ఒకటి జరిగింది, ఇది ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. చిన్నది భయపడింది. దూరం నుంచి మనుషులే అనుకుంది, దగ్గరికెళ్లాక కదలట్లేదు, కళ్లు ఆర్పట్లేదు, అంతే నా మెడ పట్టేసుకుని ఏడుపు. మా ఆయన ఏం కాదురా బొమ్మే అని దగ్గరికి తీసుకెళ్లబోతే ఇంకా గట్టిగా ఏడ్చింది. సరే అని దాన్ని ఎత్తుకుని కొంచెం దూరంగా చెట్టు కింద కూర్చున్నా. అక్కడ్నుంచే చూస్తూ ఉంది. ఆవిడ చేతికి గాజులున్నాయా అని అడిగా, ఉన్నాయి అంది. కొప్పులో పువ్వుందా అంటే లేదు అని ఒక్క నిమిషం చూసి, కింద రాలిన పువ్వొకటి ఏరుకుని నా చేతిలో పెట్టి నువ్వు పెట్టు అంది. నేను వెళ్లి ఆ బొమ్మ పాదాల దగ్గర పెట్టి వచ్చా. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని తనే వచ్చింది. కాబట్టి చిన్నపిల్లలున్నవాళ్లు తొందర పెట్టకండి, దూరం నుంచే మొదలెట్టండి.

ఇంక అత్తమ్మ సంగతి. నాగోల్ బామ్మగారూ మీకు దండం పెట్టాలి. మా అత్తమ్మది మెదక్ వైపు ఊరు. మామూలుగా బయటికెళ్తే నేను ఏడనన్న కూసుంట మీరు తిరిగిరాండ్రి అంటారు. నిన్న కుమ్మరి బొమ్మ దగ్గర ఆగి, మా ఇంటెనక కుమ్మరోళ్ల వాడే ఉండె అని మొదలెట్టారు. మావాడు సారెకి మోటరు ఏది నానమ్మా అని అడిగాడు. మోటర్ లేదు బిడ్డా, సారె మీద చిన్న గుంత ఉంటది, ఆ గుంతల కట్టె పెట్టి గిర్రున తిప్పి కట్టె తీసి పక్కకు పెడ్తరు, ఆ ఊపు తగ్గేలోపట కుండ లేవాలె, తగ్గిందంటే మళ్ల కట్టె వెట్టాలె అని చేత్తో తిప్పి చూపించారు. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. మరి ఊపు తగ్గకముందే అయిపోకపోతే అని ఒకటే ప్రశ్నలు. మట్టి ఏ చెరువు నుంచి తెచ్చేవాళ్లు, కుండలు కాల్చే ఆమ ఎట్లా పేర్చేవాళ్లు, పెళ్లిళ్లకి కూరాడు కుండలు ఎవరు తెచ్చేవాళ్లు, నాకు పెళ్లై ఇన్నేళ్లయినా ఆవిడ నోట ఇవి ఎప్పుడూ వినలేదు. మేం పక్కన ఉన్న అరుగు మీద కూర్చుండిపోయాం. మోకాళ్ల గురించి ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు.

ఒకచోట మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. ఇసురుతున్న బొమ్మని చూసి, ఇట్ల కూసుంటే పిండి రాదు, ఒక కాలు చాపాలె, ఒకటి ముడవాలె, అప్పుడే నడుం తిరుగుతది అని తను కూర్చుని చూపించారు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆగి చూశారు. మట్టిచేతులు గారూ మీరు ఇలాంటి బొమ్మ చేసేటప్పుడు మా అత్తమ్మని అడగండి.

మావాడు వెనకవైపులు తిరిగి చూడటం మొదలెట్టి ఇంక ఆపలేదు. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఏంటో చెప్పాక, గాలి ఎటు నుంచి ఎటు పోతుందో కనిపెట్టాలని వంగి వంగి చూశాడు. నాలుగైదు బొమ్మల దగ్గరే పొద్దుపోయింది, రాక్ పార్క్ అంచుల్లో ఒక్క రాయి చూశాం, వాడికి అందులో పడుకున్న తాబేలు కనపడింది. బోటింగ్ అడగనే లేదు.

నాగోల్_బామ్మ
ఒక కాలు చాపి ఒకటి ముడవాలి అన్నది అక్షరాలా నిజం. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పమ్మా. ఆవిడ చెప్పే కబుర్లు ఫోన్‌లో రికార్డు చెయ్యి, పిల్లలు పెద్దయ్యాక కావాలంటారు.

మట్టిచేతులు
పాలపిట్ట గారూ ఇది జోకు కాదు, నిజంగా అడుగుతాను. ఇసుర్రాయి పిడి ఏ చేత్తో పట్టుకునేవాళ్లు, గింజలు ఏ చేత్తో పోసేవాళ్లు, పిడి పట్టిన చేతి మోచెయ్యి ఒంటికి ఎంత దూరంలో ఉండేది, అత్తమ్మగారిని అడిగి కుదిరితే చిన్న వీడియో పెట్టండి. ఒక స్కూలుకి ఇలాంటి బొమ్మల సెట్ చేయాల్సి ఉంది, నా దగ్గరున్న ఫొటోలన్నీ సినిమా ఫోజుల్లా ఉన్నాయి.

ఎల్బీనగర్_అన్న
అక్కా మంచిగ రాసినవు. ఈసారి హుస్సేన్‌సాగర్ బుద్ధుని కాడికి తీస్కపో పిల్లల్ని. ఒకటే రాయి, 18 మీటర్లు, మూడొందల టన్నుల పైన బరువు, భువనగిరి పక్కన రాయగిరి గుట్ట నుంచి తెచ్చిండ్రు, గణపతి స్థపతి గారు చెక్కిండ్రు. 1990 సంవత్సరంల పడవ మీద పట్కపోతుంటె చెరువుల మునిగింది, రెండేండ్లు నీళ్లల్లనే ఉండి 1992 డిసెంబర్ల నిలబెట్టిండ్రు. మా పిల్లలకు చెప్తే రెండేండ్లు నీళ్లల్ల ఏం జేసిండు బుద్ధుడు అని అడిగిండ్రు.

సైనిక్‌పురి_అమ్మ
కారులో కొంచెం దూరం వెళ్లగలిగితే నాగార్జునసాగర్ దగ్గర బుద్ధవనం కూడా చూడండి, 2022లో తెరిచారు, 274 ఎకరాలు. అందులో జాతక కథల తోట ఉంది, 40 కథల శిల్పాలు. కుందేలు, కోతి, ఏనుగు కథలు ముందురోజు రాత్రి ఇంట్లో చెప్పి తీసుకెళ్తే అక్కడ పిల్లలే వెతుక్కుంటారు. హైదరాబాద్ నుంచి నూటయాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి తెల్లారగట్లే బయల్దేరాలి, నీడ తక్కువ, చలికాలమే మంచిది.

బోడుప్పల్_నాన్న
మేం ఈ శనివారం ఉప్పల్ మినీ శిల్పారామం వెళ్లాం, మాకు దగ్గర. మావాడు ఒక బొమ్మ దగ్గర ఇంకో పిల్లాడు ఎక్కబోతుంటే వెళ్లి, లోపల చువ్వకి తుప్పు పడుతుంది దిగు అని చెప్పాడు. ఆ పిల్లాడు దిగి తుప్పంటే ఏంటి అని అడిగాడు, ఇద్దరూ కలిసి పగుళ్లు వెతుక్కుంటూ తిరిగారు.

పాలపిట్ట_కొంపల్లి
మట్టిచేతులు గారూ, అత్తమ్మ ఒప్పుకున్నారు. కాకపోతే ఉత్త చేతులతో చూపిస్తే ఏం తెలుస్తది, రాయి ఉండాలె అంటున్నారు. ఊళ్లో వాళ్ల తమ్ముడింట్లో పాత ఇసుర్రాయి ఉందట, దసరాకి వెళ్తాం, అప్పుడు వీడియో తీసి ఇక్కడే పెడతా. మీకు అప్పటిదాకా ఆగడం కుదురుతుందా?

చందానగర్ గారూ, మ్యూజియంకి ఏ రోజు వెళ్తే మంచిది?

మట్టిచేతులు
ఆగుతానండీ. ఆ ఒక్క బొమ్మ చివరికి పెట్టుకుంటా, మిగతావి ఈలోపు మొదలెడతా.

చందానగర్_ఎస్
శుక్రవారం సెలవు, ఆ రోజు తప్ప. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి రావొచ్చు. ఉదయం రండి, బయటి శిల్పాల మీద ఏటవాలుగా ఎండ పడినప్పుడు చెక్కుడు బాగా కనపడుతుంది, మధ్యాహ్నం నడినెత్తి ఎండలో అంతా చదునుగా ఉంటుంది. మీకు అభ్యంతరం లేకపోతే నేనూ మా అమ్మాయిని తీసుకుని వస్తాను, మీ అత్తమ్మగారు రాతి శిల్పాల నగలు చూసి ఏమంటారో వినాలని ఉంది.